ఊరు విడిచినా జట్టును విడవని వాళ్ళకు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అనంతపురం, కడప, కర్నూలు నుంచి బయటికి పోయి స్థిరపడినవాళ్ళవే. అందరి బాధా ఒకటే: ఊళ్ళో తాము ఆడిన ఫుట్‌బాల్ క్లబ్బుకు దూరం నుంచి ఏం చేయగలం? ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరుకు వచ్చి పన్నెండేళ్ళయింది. చిన్నప్పుడు ఆడిన క్లబ్బుకు పోయినేడు మేం పదిమందిమి కలిసి నలభై వేలు పంపినాం. జెర్సీలు, పెద్ద కప్పు కొన్నారు, టోర్నమెంటు బ్రహ్మాండంగా జరిగింది. మొన్న పోయి చూస్తే ప్రాక్టీసుకు రెండే బంతులున్నాయి, పిల్లలు సగానికి సగం తగ్గిపోయినారు. మేం చేసిన తప్పేమి?

జవాబు: మీ డబ్బంతా టోర్నమెంటు జరిగిన నాలుగు రోజులకే అయిపోయింది. క్లబ్బు బతికేది మాత్రం మామూలు సాయంత్రాల ప్రాక్టీసు మీద. ఇద్దరు పిల్లలకు ఒక బంతి ఉంటే గంటన్నరలో ప్రతి ఒక్కరి కాలికీ బంతి వందలసార్లు తగులుతుంది. ఇరవై నాలుగు మందికి రెండే బంతులుంటే వరుసలో నిలబడడంతోనే పొద్దు గూకుతుంది. అట్లా నిలబడి విసుగెత్తిన పిల్లవాడు పక్కనే జరిగే క్రికెట్‌లోకి పోతాడు. వాణ్ణి మళ్ళీ పిలుచుకురావడం కష్టం.

కాబట్టి పదిమందీ తలా 500 రూపాయలు నెలనెలా పంపండి. ఏడాదికి 60,000 అవుతుంది. ఒక్కసారిగా ఇచ్చిన నలభై వేలకంటే ఎక్కువే, పైగా ఎవరికీ భారం అనిపించదు. క్లబ్బువాళ్ళకు కూడా వచ్చే నెల ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది కనుక కోచ్‌కు దారిఖర్చులు ఇస్తామని ధైర్యంగా మాట ఇవ్వగలరు. కోచ్ రాకపోకలకు డబ్బు అందకపోతే ప్రాక్టీసే మూతపడవచ్చు.

మొదటి రెండు నెలల డబ్బు బంతులకే పెట్టించండి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు 3వ సైజు, పన్నెండేళ్ళ వరకు 4వ సైజు, ఆపై వాళ్ళకు 5వ సైజు. 5వ సైజు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. పదేళ్ళ పిల్లలకు ఈ బంతి ఇస్తే బరువుకు భయపడి కాలి ముందు భాగంతో పొడవడం అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటు తర్వాత పోగొట్టడం చాలా కష్టం. మన గట్టి ఎర్రనేల మీద మెత్తటి తొడుగున్న ఖరీదు మ్యాచ్ బంతి నెలల్లోనే గీసుకుపోతుంది. ప్రాక్టీసుకు గట్టి నేల కోసమే చేసిన రబ్బరు తొడుగు బంతులు తీసుకోండి. మ్యాచ్ బంతులు రెండు చాలు, వాటిని విడిగా దాచమనండి. కొనేటప్పుడు లోపల గాలి నిలిపే రబ్బరు సంచి (బ్లాడర్) బ్యూటైల్‌దా, లేటెక్స్‌దా అని అడగండి. లేటెక్స్ బాగా ఎగురుతుంది గానీ గాలి త్వరగా దిగిపోతుంది, రోజూ పంపు కొట్టాల్సి వస్తుంది. బ్యూటైల్ చాలా రోజులు నిలుపుతుంది.

బంతులు ఆటలోనే కాదు, పంపు దగ్గర కూడా పాడవుతాయి. పొడి సూదిని వాల్వులోకి గుచ్చితే రబ్బరు చీలుతుంది, ఆ తర్వాత ఎంత గాలి కొట్టినా తెల్లారేసరికి దిగిపోతుంది. సూదికి చుక్క గ్లిసరిన్ రాయాలి, అదీ లేకపోతే నీళ్ళతో తడపాలి. నిబంధనల ప్రకారం బంతిలో గాలి 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా ఉండవచ్చు. గట్టి నేల మీద 9 దగ్గర ఉంచితే ఎగురుడు తగ్గి పిల్లలకు అదుపు దొరుకుతుంది, కుట్లూ నిలుస్తాయి. బొటనవేలితో నొక్కి చూసి సరేననుకోకుండా చిన్న గేజు ఒకటి కొనివ్వండి. ఎండలో పెట్టిన బంతిలో గాలి వ్యాకోచించి కుట్లు లాగుతుంది కనుక ఏప్రిల్, మే నెలల్లో బంతుల సంచి గదిలోనే ఉండాలి. మైదానం అంచున సర్కారు కంప ఉంటే వారానికోసారి కొట్టించి, రాలిన ముళ్ళు ఊడ్పించాలి. పంక్చర్లు అక్కడ కూడా పడతాయి.

ఇంకొక మాట. గీతలకు సున్నం వాడుతుంటే మాన్పించండి. చెమటతో, గీసుకుపోయిన చర్మంతో కలిసి సున్నం మంట పెడుతుంది, కంట్లో పడితే చాలా ప్రమాదం. ముగ్గుపిండి వాడాలి. 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు మైదానంలో పెనాల్టీ ఏరియాలు, మధ్య వలయం, మూలల వంపులు అన్నీ కలిపితే గీత దాదాపు 700 మీటర్లు వస్తుంది. గీత వెడల్పు 12 సెంటీమీటర్లు దాటకూడదు. తాడు కట్టి గీసేవాళ్ళకు పిండి కూడా తక్కువ పడుతుంది.

పక్కకు జరిపే గోల్ పోస్టులు ఉన్న చోట వెనక అడుగు కడ్డీ మీద ఇసుక బస్తాలు తప్పనిసరి. పిల్లలు పై కడ్డీ పట్టుకుని వేలాడితే పోస్టు ముందుకు పడుతుంది, ప్రాణాలు పోయిన సంఘటనలు ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నాయి. జెర్సీలకంటే ముందు ఈ బస్తాలు.

ప్రశ్న: కువైట్‌లో ఉన్నాను, సొంతూరు రాజంపేట. కడపలో చదివేటప్పుడు ఆడిన క్లబ్బుకు డబ్బు పంపుదామంటే, విదేశీ డబ్బు తీసుకుంటే కేసవుతుందని సెక్రటరీ అన్న భయపడుతున్నాడు. నిజమేనా?

జవాబు: మీకు భారత పాస్‌పోర్టు ఉంటే భయం అక్కర్లేదు. విదేశంలో ఉంటున్న భారత పౌరుడు తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో ఇచ్చే డబ్బు 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద విదేశీ విరాళం కాదు. మీ ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండే భారతీయులకు ఇక్కడి బ్యాంకులు ఇచ్చే ఖాతాలు) నుంచి క్లబ్బు ఖాతాకు పంపి, పాస్‌పోర్టు నకలు, ఏ పనికి ఇచ్చారో రాసిన చిన్న ఉత్తరం సెక్రటరీకి ఇవ్వండి. ఆయన ఆ రెండింటినీ రశీదు పుస్తకంతో పాటు దాచాలి.

చిక్కు వచ్చేది వేరే చోట. మీ గదిలోని నలుగురు మిత్రులు చందాలు కలిపి ఒకరి ఖాతా నుంచి పంపుతారు. అందులో ఒకరికి అమెరికా పౌరసత్వం వచ్చి ఉంటుంది. అతను ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్న తెలుగువాడే అయినా చట్టం దృష్టిలో విదేశీయుడే, అతని వాటా విదేశీ విరాళమే. మీ కంపెనీ ఇచ్చే డబ్బు సంగతీ అంతే. విదేశీ విరాళాలు తీసుకునేందుకు ఆ చట్టం కింద అనుమతి లేని క్లబ్బు వాటిని తీసుకోకూడదు. కాబట్టి ఎవరిది వాళ్ళే పంపండి, ఒకరి పేరు మీద నలుగురిది వద్దు.

సెక్రటరీ గారి సొంత ఫోన్‌పే నంబరుకు మాత్రం పంపవద్దు. ఆయన ఎంత మంచివారైనా, ఆ డబ్బు లెక్కల్లో ఆయన ఆదాయంలా కనబడుతుంది. ఆయన తప్పుకున్న రోజున లెక్క అడిగితే స్నేహాలు చెడతాయి. క్లబ్బును ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదు చేయించమనండి. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. తర్వాత క్లబ్బు పేరున పాన్ కార్డు, ఇద్దరు సంతకాలు చేస్తేనే డబ్బు తీయగలిగే ఖాతా తెరిపించాలి. ఈ కాగితాల ఖర్చు మీరు భరిస్తే అంతకు మించిన సాయం ఇంకోటి లేదు.

ఆదాయపు పన్ను మినహాయింపు గురించి కూడా అడిగారు. క్లబ్బుకు విరాళాల మీద పన్ను మినహాయింపు ఇచ్చే అనుమతి (80జి అని పిలిచేది) ఉంటేనే, మీరు పాత పన్ను విధానంలో ఉంటేనే అది వర్తిస్తుంది. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇచ్చిన దానికి వర్తించదు. చిన్న క్లబ్బుకు ఆ అనుమతి వచ్చేదాకా సాయం ఆపకండి.

ప్రశ్న: కర్నూలులో మా జట్టు మ్యాచ్‌లను ఫోన్‌లో లైవ్ పెట్టిస్తున్నాం. ప్రతిసారీ సెకండ్ హాఫ్‌లో ఆగిపోతోంది. హైదరాబాద్‌లో కూర్చున్న మాకు గోలు మాత్రం తర్వాత మెసేజ్‌లో తెలుస్తోంది!

జవాబు: రోజుకు 1.5 జీబీ ప్యాకు వాడుతున్నట్టుంది. సెకనుకు 3 మెగాబిట్ల లెక్కన లైవ్ పంపితే 90 నిమిషాలకు 2 జీబీ పైన పడుతుంది. 1.5 జీబీ సుమారు 66 నిమిషాలకు అయిపోతుంది. విరామంలో లైవ్ ఆపకపోతే సెకండ్ హాఫ్ మొదలైన కొద్ది నిమిషాలకే తెర ఆగుతుంది. మీకు జరుగుతున్నది ఇదే అయ్యుండాలి. ఆ రోజుకు అదనపు డేటా వేయించండి, విరామంలో ఆపించండి.

రెండో కారణం వేడి. ఎండలో గంటసేపు కెమెరా నడిస్తే ఫోన్ తనంతట తానే ఆగిపోతుంది. పైన గొడుగు కట్టాలి, వెనక కవరు తీసేయాలి, తెర వెలుతురు తగ్గించాలి. లైవ్ నడుస్తుండగా చార్జింగు పెడితే వేడి ఇంకా పెరుగుతుంది, ముందే నిండా పెట్టుకోవాలి.

ఫోన్ మధ్య గీతకు ఎదురుగా ఉండాలి. సాయంత్రం మ్యాచ్ అయితే మైదానానికి పడమటి వైపు పెట్టి తూర్పుకు తిప్పితే ఎండ కెమెరా వీపున పడుతుంది. నేల మీద నుంచి తీస్తే ఆటగాళ్ళ కాళ్ళు తప్ప ఆట తెలియదు. మూడు, నాలుగు మీటర్ల ఎత్తు దొరికితే చాలు. గ్యాలరీ లేకపోతే ట్రాక్టర్ ట్రాలీలో స్టాండు నిలబెట్టండి. ఒక కుర్రాడితో తెలుగులో వ్యాఖ్యానం చెప్పించండి, దూరంగా ఉన్నవాళ్ళకు నంబర్లు కనపడవు, పేర్లు వినపడాలి. పిల్లల మ్యాచ్ అయితే తల్లిదండ్రుల ఒప్పుకోలు ముందే తీసుకోవాలి.

ప్రశ్న: పిల్లలకు ఇరవై జతల బూట్లు ఆన్‌లైన్‌లో కొని పంపితే సగం మందికి సరిపోలేదు. మిగతావి నెలన్నరకే సోలు ఊడినాయి. ఎట్లా కొనాలి?

జవాబు: వయసు చూసి సైజు రాయకూడదు. సాయంత్రం పూట, ఆడేటప్పుడు వేసుకునే మేజోళ్ళతోనే కాలిని కాగితం మీద పెట్టి గీత గీయించండి. మడమ నుంచి పొడవైన వేలి దాకా సెంటీమీటర్లలో కొలిచి, ఆ కాగితాన్ని ఫొటో తీయించి తెప్పించుకోండి. ఆ పొడవుకు ఒక సెంటీమీటరు కలిపిన బూటు చాలు. పెరిగే పిల్లలని రెండు సైజులు పెద్దది కొంటే లోపల కాలు జారి మడమ పుండు పడుతుంది.

పొడవు స్టడ్లు పచ్చిక నేలకు. మన గట్టి నేలలో అవి దిగవు, బరువంతా స్టడ్ల మొనల మీద నిలిచి అరికాలు, మడమ నొప్పి పుడతాయి. అడుగున పొట్టి రబ్బరు గుబ్బలు దట్టంగా ఉండే టర్ఫ్ బూట్లు తీసుకోండి. ఎండకు కాలిన నేల మీద జిగురు మెత్తబడి సోలు ఊడుతుంది. కొత్తవి రాగానే వేసుకోకముందే చెప్పులు కుట్టే ఆయన దగ్గర అంచు చుట్టూ నైలాన్ దారంతో కుట్టించండి. ఊడిన తర్వాత కుట్టిస్తే లోపల మట్టి చేరి ఉంటుంది, నిలవదు.

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో పుట్టినాడు, బెంగళూరు ఎఫ్‌సీ అంటే ప్రాణం. మా ఊరి జట్టు పేరెత్తితే నవ్వుతాడు. హైదరాబాద్ ఎఫ్‌సీనే ఢిల్లీకి పోయినప్పుడు నువ్వింకా ఊరి క్లబ్బని ఎందుకు పట్టుకుంటావంటాడు. ఏం చెప్పాలి?

జవాబు: బెంగళూరు ఎఫ్‌సీ 2013లో పుట్టి తొలి సీజన్‌లోనే అప్పటి దేశ ప్రధాన లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచిన జట్టు. తన ఊరి జట్టును మీ అబ్బాయి ప్రేమిస్తున్నాడు. మీరు చేస్తున్నదీ అదే కదా, అభ్యంతరం పెట్టకండి.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. యజమాని చేతిలో ఉన్న జట్టు ఊరు మారగలదని దాని సంగతి చూస్తే తెలుస్తుంది. అయితే లండన్‌లో ఏం జరిగిందో కూడా మీ అబ్బాయికి చెప్పండి. వింబుల్డన్ జట్టును దూరాన ఉన్న మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి వచ్చింది. అభిమానులు అదే ఏడాది ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్బు పెట్టుకుని, అందరినీ రమ్మని పిలిచి, ఊరి బయలులో ఎంపికలు పెట్టి ఆటగాళ్ళను తీసుకున్నారు. కింది మెట్టు నుంచి ఎక్కి 2011లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌కు చేరారు. కోల్‌కతాలో 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్‌ను తలకెత్తుకున్నది తూర్పు బెంగాల్ వదిలి వచ్చినవాళ్ళు. ఊరు దూరమైనా ఆ పేరు వాళ్ళ పిల్లలకూ, మనవళ్ళకూ అందింది.

మాటలకంటే చూపించడం మేలు. బస్సులో బెంగళూరు నుంచి అనంతపురానికి నాలుగైదు గంటలు. టోర్నమెంటుకు కాకుండా మామూలు ప్రాక్టీసు రోజున పిలుచుకుపోండి. బూట్లు తెమ్మనండి, తన ఈడు పిల్లలతో ఆడనివ్వండి. అక్కడి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) క్రీడాగ్రామం మైదానాలు కూడా వీలుంటే చూపించండి. ఫుట్‌బాల్ నేర్చుకునే పల్లెపిల్లలను చూస్తే ఊరి ఆట అంటే ఏమిటో వాడికి అర్థమవుతుంది.

ప్రశ్న: సంక్రాంతికి పాత ఆటగాళ్ళందరం వచ్చి ఒక మ్యాచ్ ఆడాలనుకున్నాం. అందరం నలభై దాటినవాళ్ళం.

జవాబు: ఆడండి. అయితే ఆరు వారాల ముందు నుంచి వారానికి మూడు రోజులు చురుగ్గా నడక, మధ్యమధ్య చిన్న పరుగులు మొదలుపెట్టాలి. ఏళ్ళ తర్వాత ఒక్కసారిగా పరుగెత్తితే తొడ వెనక కండరం, మడమ పైని నరం పట్టేస్తాయి, కొందరికి తెగుతాయి కూడా. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు డాక్టరుకు చూపించుకున్నాకే దిగాలి. సగానికి 25 నిమిషాలు చాలు, ఎన్నిసార్లయినా మారి మళ్ళీ రావచ్చని నియమం పెట్టుకోండి. ఆటకు ముందు పావుగంట ఒళ్ళు వేడెక్కించాలి. ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, మామూలుకు మించిన ఆయాసం అనిపిస్తే ఆట ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి, 108కి ఫోన్ చేయడానికి ఒకర్ని గట్టు మీద ఉంచండి. రెండో జట్టుగా ఊళ్ళోని కుర్రాళ్ళను పెట్టుకోకండి, మీలోనే రెండుగా విడిపోండి. కుర్రాళ్ళను రెఫరీలుగా, లైన్స్‌మెన్‌గా పెట్టి వాళ్ళకు ఆ రోజు భత్యం ఇవ్వండి.