కలత్రావా యోధుల చరిత్రకు పూనుకున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

మధ్యయుగపు స్పెయిన్‌లోని యోధ సన్యాసుల సంఘాల మీద పరిశోధన చేయబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. ముప్పై ఏళ్లుగా ఈ చరిత్ర చదువుతున్నవాణ్ణి కాబట్టి, నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతులు నీకు ముందే తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

యుద్ధాలతో మొదలుపెట్టకు. 1195లో అలార్కోస్ దగ్గర ముస్లిం సేనల చేతిలో ఓటమి, 1212 జులై 16న లాస్ నావాస్ దె తొలోసా విజయం ఎలాగూ నీ దారిలో ఎదురవుతాయి. నువ్వు భూమితో మొదలుపెట్టు. ఏ రాజు, ఏ కోటను, ఎవరికి, ఎందుకు ఇచ్చాడన్నదే ఈ సంఘాల పుట్టుకకు మూలం. కలత్రావా సంగతే చూడు. 1147లో కాస్తీల్, లెయోన్ రాజు ఏడవ అల్ఫోన్సో ముస్లింల నుంచి గెలుచుకున్న ఆ కోట తొలెదోకు వెళ్లే దారికి కాపలా. దాన్ని నిలబెట్టుకోలేమని టెంప్లార్లు అనే మరో యోధ సన్యాసుల సంఘంవారు తిరిగి ఇచ్చేయడంతో, 1158లో ఆ రాజు కొడుకు మూడవ సాంచో దాన్ని ఫితేరో మఠాధిపతి రాయ్‌ముందోకు దానమిచ్చాడు. కలత్రావా సంఘం పుట్టింది అక్కడే. ఆ మఠాధిపతిని అందుకు ఒప్పించినవాడు దియేగో వెలాస్కెస్ అనే సన్యాసి, పూర్వాశ్రమంలో యోధుడు. ఈ కథను మనకు వివరంగా చెప్పినవాడు తొలెదో ఆర్చిబిషప్ రోద్రిగో హిమేనెస్ దె రాదా. కానీ ఆయన రాసింది ఆ సంఘటన జరిగిన ఎన్నో దశాబ్దాలకు. అందుచేత దానపత్రాన్నీ ఆయన కథనాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఏ మాట ఎక్కడిదో విడదీసి రాసుకో.

తేదీల విషయంలో మరీ జాగ్రత్త. కాస్తీల్ రాజ్యంలో 1383 వరకు పత్రాలను స్పానిష్ శకంలోనే రాసేవారు. అది క్రీస్తుశకం కన్నా 38 ఏళ్లు ముందుంటుంది. 1196 అని కనిపిస్తే అది 1158 అన్నమాట. మన శాసనాల్లోని శాలివాహన శకానికి 78 కలపడం నీకు అలవాటే, ఇక్కడ 38 తీసేయాలి. కొత్తలో నేను ఒక పత్రం మీది అంకెను యథాతథంగా తీసుకుని, దాని మీదే ఒక వ్యాసం వాదనంతా నిలబెట్టి, చివరకు మొత్తం తిరగరాయవలసి వచ్చింది. ఆ శ్రమ నీకు వద్దు. తేదీ చూశాక వెంటనే పత్రం అడుగుకు వెళ్లు. ఘనమైన రాజపత్రాల్లో అక్కడ చక్రంలా గీసిన రాజు గుర్తు, దాని అంచు చుట్టూ అక్షరాలు, రెండు పక్కలా నిలువు వరుసల్లో బిషప్పుల పేర్లు, ప్రభువుల పేర్లు ఉంటాయి. చాలామంది వదిలేసే ఆ సాక్షుల పట్టికను బట్టే ఆ రోజుల్లో ఎవరి మాట చెల్లేదో తెలుస్తుంది.

అన్ని సంఘాలనూ ఒకే గాటన కట్టవద్దు. కలత్రావా యోధులు సిస్టర్సియన్ అనే క్రైస్తవ సన్యాసుల శాఖ నియమాల ప్రకారం బ్రహ్మచర్యం పాటించేవారు. 1170లో లెయోన్ రాజు రెండవ ఫెర్నాందో కాలంలో కాసెరెస్‌లో మొదలైన సాంతియాగో సంఘంలోనైతే పెళ్లయినవారికీ చోటుండేది; 1175లో పోప్ మూడవ అలెగ్జాండర్ దాన్ని ఆమోదించాడు. ఆ సంఘానికి స్త్రీల మఠాలు కూడా ఉండేవి, వాటి మీద తప్పక దృష్టి పెట్టు. అల్కాంతరా సంఘం 1218 నుంచి కలత్రావా నీడలో నడిచింది. వాలెన్సియా ప్రాంతపు మోంతేసా సంఘం మాత్రం టెంప్లార్లు రద్దయ్యాక, 1317లో ఏర్పడింది.

మాటలతోనూ చిక్కే. 'ఎంకొమియెందా' అంటే ఇక్కడ సంఘం తన ఊళ్లను, ఆదాయాలను ఒక అధికారి చేతిలో పెట్టిన ఏర్పాటు. తర్వాత అమెరికాలో అదే పేరుతో వచ్చిన వ్యవస్థ వేరు. సంఘ సభ్యుణ్ణి పిలిచే 'ఫ్రెయిలె' అన్నదాన్ని సన్యాసి అనీ సైనికుడనీ అనువదించకుండా అలాగే ఉంచు. ముస్లింలతో పోరాడడానికి పుట్టిన సంఘం కింద ముస్లింలు ఉండేవారు కారని కూడా అనుకోకు. ఎస్త్రెమదూరాలోని ఓర్నాచోస్ సాంతియాగో సంఘం ఏలుబడిలో ఉన్నా, అక్కడి జనంలో అధికభాగం తరతరాలుగా ముస్లింలే.

1487లో కలత్రావా, 1493లో సాంతియాగో, 1494లో అల్కాంతరా కాస్తీల్ రాజు ఐదవ ఫెర్నాందో పాలనలోకి వచ్చాయి. 1523లో పోప్ ఆరవ ఏడ్రియన్ వాటిని శాశ్వతంగా రాజ్యానికి అప్పగించాడు. అక్కడితో ఆపాలని చాలామందికి అనిపిస్తుంది, కానీ నువ్వు ఆపకు. సాంతియాగో సంఘం పంపిన తనిఖీదారుల నివేదికలు ఆ కాలపువే. ఏ కోట గోడ కూలింది, ఏ గుడిలో ఏ వస్త్రాలున్నాయన్నంత వరకు వాళ్లు రాసిపెట్టారు. ఆ సంఘాల దస్త్రాలు మాద్రిద్‌లోని జాతీయ చారిత్రక అభిలేఖాగారంలో ఉన్నాయి.

అక్కడికి వెళ్లేలోగా వీలు చూసుకుని 1217 ప్రాంతంలో కొండ మీద కట్టిన కొత్త కలత్రావా కోట ఎక్కు. ఎదుటి కొండ మీద సల్వతియెర్రా శిథిలాలు కనబడతాయి. 1211లో ఆ కోట ముస్లింల చేతిలోకి పోయినప్పుడు కలత్రావా యోధులకు పోయిందేమిటో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. నువ్వు చదివిన మొదటి పత్రం తేదీనీ సాక్షుల పేర్లనీ నాకు రాసి పంపు.

ఇట్లు,
మామయ్య