పొలం ఖర్చుల షీట్‌లో సమ్ఇఫ్ తక్కువ చూపిస్తోందా? ఎక్కడ వెతకాలంటే

మీరు అడిగింది ఇదీ: ఎక్సెల్‌లో ఎ కాలమ్‌లో తేదీ, బి లో ఖర్చు రకం, సి లో ఏ చేను, డి లో రూపాయలు రాస్తున్నారు. 2025 జులైలో కూలి ఖర్చు ఒక్కటే విడిగా కావాలి. సమ్ఇఫ్ (షరతుకు సరిపోయిన వరుసల్లోని అంకెలనే కూడే ఫంక్షన్) పెడితే చేత్తో కూడినదానికంటే తక్కువ వస్తోంది. నెల షరతు కూడా పెడితే సున్నా వస్తోంది.

ఇక్కడ ఫార్ములాలు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. షీట్‌లో ఫంక్షన్ పేర్లు, కాలమ్ అక్షరాలు ఇంగ్లీషులోనే కొట్టండి. ఖర్చు రకం మాత్రం షీట్‌లో ఏ లిపిలో ఉంటే ఆ లిపిలోనే ఉండాలి.

ఒక్క షరతుకైతే ఇది చాలు:

=సమ్ఇఫ్(బి2:బి500,"కూలి",డి2:డి500)

అయినా నా సలహా ఏమిటంటే, షరతు ఒక్కటే అయినా సమ్ఇఫ్ వదిలేసి, ఒకటికి మించి షరతులు పెట్టగల సమ్ఇఫ్స్ అలవాటు చేసుకోండి. ఎక్సెల్ 2007 నుంచీ అది ఉంది, గూగుల్ షీట్స్‌లోనూ ఉంది. అందులో కూడాల్సిన కాలమ్ ముందు వస్తుంది, షరతులు ఆ తర్వాత:

=సమ్ఇఫ్స్(డి2:డి500,బి2:బి500,"కూలి")

ఎందుకంటే సమ్ఇఫ్‌లో పొరపాటున ఒకచోట బి2:బి500, ఇంకోచోట డి3:డి500 అని పడితే అది ఏ ఎర్రరూ చూపించదు. బి2 లో కూలి అని ఉంటే డి3 లో ఉన్న అంకెను కలిపేస్తుంది. వచ్చిన మొత్తం చూడ్డానికి నిజంలాగే ఉంటుంది. అదే తేడా సమ్ఇఫ్స్‌లో పడితే వెంటనే #వాల్యూ! అంటుంది. లెక్కల్లో తప్పు మొత్తం కంటే ఎర్రర్ రావడమే మేలు.

ఇక జులై సంగతి. నెల పేరు రాస్తే పనికిరాదు, సమ్ఇఫ్స్ లోపల మంత్(ఎ2:ఎ500) అని పెడితే ఎక్సెల్ ఫార్ములానే తీసుకోదు. నెలకు రెండు హద్దులు కట్టాలి:

=సమ్ఇఫ్స్(డి2:డి500,బి2:బి500,"కూలి",ఎ2:ఎ500,">="&డేట్(2025,7,1),ఎ2:ఎ500,"<"&డేట్(2025,8,1))

గుర్తు కొటేషన్ల లోపల ఉండాలి, తేదీ బయట ఉండాలి, మధ్యలో & ఉండాలి. ">=డేట్(2025,7,1)" అని అంతా కలిపి కొటేషన్లలో పెడితే ఎక్సెల్ దాన్ని ఉత్త అక్షరాలుగా చూస్తుంది, సున్నా వస్తుంది. పై హద్దుగా "<=" జులై 31 కాకుండా "<" ఆగస్టు 1 పెట్టడానికీ కారణముంది. తేదీతో పాటు టైమ్ కూడా ఉన్న సెల్స్ ఉంటే, 31న పగలు రాసిన ఖర్చు "<=" కు దొరకదు. ప్రతి నెలా కావాలంటే జి1 సెల్‌లో నెల మొదటి తేదీ వేసి, ">="&జి1 అనీ "<"&ఈడేట్(జి1,1) అనీ రాయండి (జి1లోని తేదీకి ఒక నెల తర్వాతి తేదీని ఈడేట్ ఇస్తుంది). అప్పుడు జి1 ఒక్కటి మారిస్తే చాలు.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నా సున్నా వస్తోందంటే తేదీలనే అనుమానించాలి. ఎక్సెల్‌కు తేదీ అంటే ఒక సంఖ్య. 2025 జులై 1 దాని లెక్కలో 45839. మీరు 05.07.2025 అని చుక్కలతో రాస్తే చాలా కంప్యూటర్లలో అది తేదీ కాదు, ఉత్త టెక్స్ట్. పక్కన ఖాళీ కాలమ్‌లో =ఈజ్‌నంబర్(ఎ2) పెట్టి కిందికి లాగండి. ఫాల్స్ వచ్చిన వరుసలన్నీ టెక్స్ట్ తేదీలే.

కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్ అమెరికాది అయితే ఇంకో ముప్పు ఉంది. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. 13/07/2025 అని కొడితే పదమూడో నెల లేదు కాబట్టి టెక్స్ట్‌గా మిగిలిపోతుంది, పైన చెప్పిన పరీక్షలో బయటపడుతుంది. 05/07/2025 మాత్రం మే 7 అయిపోతుంది, పరీక్షలో ట్రూ అనే వస్తుంది. జులై కూలి మే నెలలోకి పోయి కూర్చుంటుంది. అలా ఉంటే ముందు రీజియన్‌ను ఇండియాకు మార్చండి. టెక్స్ట్ తేదీలకు ఆ కాలమ్ సెలెక్ట్ చేసి డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్‌కు వెళ్లండి. మూడో స్టెప్‌లో డేట్ ఎంచుకుని డిఎమ్‌వై (రోజు, నెల, ఏడాది వరుస) పెట్టి ఫినిష్ కొట్టండి. అప్పటికే మే 7గా మారిపోయిన వాటిని మాత్రం మీ నోటు పుస్తకంతో పోల్చి చేత్తోనే దిద్దాలి.

డబ్బుల కాలమ్‌లోనూ ఇదే జబ్బు ఉంటుంది. 450/- అని రాసినా, రూ. 450 అని రాసినా, సమానం గుర్తు పెట్టకుండా 600+600 అని రాసినా అది అంకె కాదు. సమ్ఇఫ్స్ దాన్ని నోరెత్తకుండా వదిలేస్తుంది. మీకు తక్కువ రావడానికి ఎక్కువ అవకాశం ఇక్కడే ఉంది. అంకెలు మామూలుగా సెల్‌లో కుడివైపుకు ఆనుకుంటాయి. ఎడమవైపుకు ఆనుకున్నవీ, మూల ఆకుపచ్చ త్రికోణం ఉన్నవీ చూడండి. ఫార్మాట్‌ను నంబర్‌గా మార్చినంత మాత్రాన అవి అంకెలైపోవు. /- ని ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఖాళీగా మార్చండి. తర్వాత ఆ కాలమ్‌కు టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, ఏమీ మార్చకుండా నేరుగా ఫినిష్ కొడితే, టెక్స్ట్‌గా ఉన్న ఉత్త అంకెలు చాలావరకు నిజమైన అంకెలవుతాయి. రూ. ఉన్నవాటినీ, 600+600 లాంటివాటినీ మాత్రం విడిగా దిద్దాలి.

మూడోది ఖర్చు రకం పేరు. కూలి, కూలీ రెండూ మనకు ఒకటే గానీ ఎక్సెల్‌కు వేర్వేరు. పేరు చివర ఒక స్పేస్ ఉన్నా వేరే. షరతు మొత్తం సెల్‌తో సరిపోవాలి కాబట్టి "కలుపు కూలి", "కోత కూలి" అని రాసిన వరుసలు "కూలి" షరతుకు దొరకవు. అవీ కావాలంటే "*కూలి" అని నక్షత్రం పెట్టండి. స్పేస్‌లకు పక్క కాలమ్‌లో =ట్రిమ్(బి2) (అదనపు స్పేస్‌లు తీసేసేది) వేసి, ఫలితాన్ని కాపీ చేసి బి లో వాల్యూస్‌గా పేస్ట్ చేయండి. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన పేర్లలో ట్రిమ్‌కు లొంగని వేరే రకం స్పేస్ ఉంటుంది. దానికి =ట్రిమ్(సబ్‌స్టిట్యూట్(బి2,క్యార్(160)," ")) వాడాలి.

వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫార్ములాను అలాగే అతికించకండి. అందులో కొటేషన్లు వంకరగా మారిపోయి ఉంటే ఫార్ములా పనిచేయదు. వాటిని చెరిపి కీబోర్డు మీద మళ్లీ కొట్టాలి.

ఇప్పుడు సరిచూసుకోవడం. దీన్ని మాత్రం వదలకండి. ఎఫ్ కాలమ్‌లో రకాలన్నీ ఒక్కోటి ఒక్కో వరుసలో రాయండి: దుక్కి, విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలి, రవాణా. పక్కన జి2 నుంచి కిందికి లాగడానికి:

=సమ్ఇఫ్స్($డి$2:$డి$500,$బి$2:$బి$500,ఎఫ్2)

డాలర్ గుర్తులు లేకపోతే కిందికి లాగినకొద్దీ డి2:డి500 లాంటి సెల్స్ పట్టీ కూడా ఒక్కో వరుస జారి, పైనున్న ఖర్చులు రాలిపోతాయి. నెలను జి1లో పెట్టుకున్నా ఇబ్బంది లేదు, ఇవి జి2 నుంచే మొదలు. ఈ మొత్తాలన్నీ కూడితే =సమ్(డి2:డి500) తో రూపాయి తేడా లేకుండా సరిపోవాలి. తేడా వస్తే ఏదో ఒక పేరు ఖాళీగానో, మీ జాబితాలో లేని అక్షరాలతోనో ఉన్నట్టే. (జాబితాలో నక్షత్రం వాడితే ఒకే ఖర్చు రెండుసార్లు పడొచ్చు, చూసుకోండి.)

ఈ లెక్క సరిపోయినా టెక్స్ట్‌గా ఉన్న 450/- లాంటివి దొరకవు, ఎందుకంటే సమ్ కూడా వాటిని వదిలేస్తుంది. వాటికోసం =కౌంట్ఎ(డి2:డి500)-కౌంట్(డి2:డి500) వేయండి. మొదటిది నిండిన సెల్స్ అన్నీ లెక్కిస్తుంది, రెండోది అంకెలు ఉన్నవే లెక్కిస్తుంది. సున్నా వస్తే మీ డబ్బుల కాలమ్ శుభ్రంగా ఉంది. 3 వస్తే మూడు ఖర్చులు ఏ మొత్తంలోనూ లేవు. తేదీల కాలమ్‌కూ ఇదే పరీక్ష పనికొస్తుంది.

ఇకముందు పేర్లు తప్పకుండా బి కాలమ్‌కు డేటా వ్యాలిడేషన్‌లో లిస్ట్ ఎంచుకుని, ఎఫ్ లోని రకాలను మూలంగా ఇవ్వండి. కొట్టే పని ఉండదు, ఎంచుకోవడమే. కూలీ అని చేత్తో రాస్తే ఎక్సెల్ ఒప్పుకోదు.

ఎరువు, పురుగుమందు రెండూ కలిపి కావాలంటే ఒకే సమ్ఇఫ్స్‌లో రెండు షరతులుగా పెట్టకండి. ఒకే సెల్ రెండు పేర్లూ కావాలని అడిగినట్టవుతుంది, సున్నా వస్తుంది. రెండు సమ్ఇఫ్స్ రాసి మధ్యలో + పెట్టండి. చేను షరతు కావాలంటే మాత్రం అదే ఫార్ములా చివర సి2:సి500,"మెట్ట చేను" చేర్చితే సరిపోతుంది.