టెక్ సందేహాలు: టెస్టు పాసైంది, కొట్లో ఎంటర్ కదలడం లేదు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక డెవలపర్: మిర్చి యార్డు కమీషన్ కొట్ల కోసం బ్రౌజర్‌లో నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, ధర గడులు వరుసగా ఉంటాయి. ఒక గడి నింపి ఎంటర్ కొడితే తర్వాతి గడికి వెళ్లాలి. బ్రౌజర్‌ను మనిషిలా నడిపి పరీక్షించే ప్లేరైట్‌తో రాసిన టెస్టులన్నీ పాసవుతున్నాయి. మా ల్యాప్‌టాప్‌లలో చేత్తో కొట్టి చూసినా బాగానే ఉంది. కొట్లో గుమాస్తా మాత్రం ఎంటర్ కొడితే కదలడం లేదని రోజూ ఫోన్ చేస్తున్నారు. తప్పు ఎక్కడుంది?

గుమాస్తా మాట నమ్మండి. ఆయన కుడిచెయ్యి ఎక్కడుందో ఒకసారి కొట్టుకు వెళ్లి చూడండి. రోజంతా అంకెలు కొట్టేవారు కీబోర్డు పై వరుస జోలికి వెళ్లరు. చెయ్యి ఎప్పుడూ కుడివైపు నంబర్ ప్యాడ్ మీదే ఉంటుంది. ఆ ప్యాడ్ మూలన మరో ఎంటర్ ఉంది. మీ ల్యాప్‌టాప్‌లలో బహుశా ఆ ప్యాడే లేదు.

మీట నొక్కినప్పుడు బ్రౌజర్ పేజీకి రెండు సంగతులు విడివిడిగా చెబుతుంది. ‘కీ’ అనే లక్షణంలో ఆ మీట అర్థం, ‘కోడ్’ అనే లక్షణంలో కీబోర్డు మీద దాని చోటు. పెద్ద ఎంటర్‌కు రెండూ ‘ఎంటర్’ అనే వస్తాయి. ప్యాడ్ మీది ఎంటర్‌కు కీ ‘ఎంటర్’ అనే వస్తుంది కానీ, కోడ్ ‘నమ్‌ప్యాడ్ఎంటర్’ అవుతుంది. మీ ప్రోగ్రాములో ఎవరో కోడ్‌ను ‘ఎంటర్’తో పోల్చి ఉంటారు. కీతో పోల్చేలా మార్చండి, ఫోన్లు ఆగుతాయి. అంకెలదీ ఇదే కథ. 5 అంకె పై వరుసలో ‘డిజిట్5’, ప్యాడ్ మీద ‘నమ్‌ప్యాడ్5’. బాణాల బదులు నాలుగు అక్షరాల మీటలు వాడే ఆటలకు కోడ్ పనికొస్తుంది గానీ, బిల్లు గడులకు దానితో పనిలేదు.

ఇక టెస్టు సంగతి. అసలు జబ్బు అక్కడే ఉంది. మీరు రాసింది ఇంచుమించు ఇలా ఉండి ఉంటుంది: టిక్కీల గడిలో 42 నింపు, ఆ గడి మీద ఎంటర్ నొక్కు, తూకం గడిలో 1764 నింపు, ఆ గడి మీద ఎంటర్ నొక్కు. ప్లేరైట్‌లో గడిని నింపే ‘ఫిల్’ తానే ఆ గడి దగ్గరికి ఫోకస్ (కొట్టిన అక్షరాలు పడే చోటు) తెచ్చుకుని, అక్షరాలన్నీ ఒక్కసారి పెట్టి, ‘ఇన్‌పుట్’ ఈవెంటు, అంటే గడిలో విలువ మారిందని పేజీకి చెప్పే కబురు ఒకటి పంపి ఊరుకుంటుంది. గడి పేరు చెప్పి వాడే ‘ప్రెస్’ కూడా ముందు ఆ గడికి ఫోకస్ తెచ్చాకే మీట నొక్కుతుంది. అంటే మొదటి ఎంటర్‌తో కర్సర్ కదిలిందో లేదో టెస్టుకు పట్టనే లేదు. కదలకపోయినా తర్వాతి అడుగులో తనే వెళ్లి తూకం గడిలో కూర్చుంటుంది. పెళ్లికొడుకును ఎత్తుకెళ్లి పీటల మీద కూర్చోబెట్టి, చక్కగా నడుస్తాడని చెప్పినట్టుంది వ్యవహారం.

కాబట్టి ఒక టెస్టునైనా గుమాస్తా పనిచేసే తీరులో రాయండి. మొదటి గడి మీద ఒక్కసారి క్లిక్ చేయించండి. ఆ తర్వాత గడుల పేర్లు ఎత్తకుండా, పేజీ మొత్తానికి ఉండే కీబోర్డు వస్తువుతోనే అన్నీ నడపండి. 42 టైపు చేయించి, ‘నమ్‌ప్యాడ్ఎంటర్’ నొక్కించి, ఫోకస్ తూకం గడి మీద ఉందో లేదో ‘టుబీఫోకస్డ్’తో అడగండి. ఇలా నొక్కిన మీటలు ఫోకస్ ఎక్కడుంటే అక్కడికే పోతాయి కనుక కర్సర్ కదలకపోతే తూకం అంకెలు టిక్కీల గడిలో పడి టెస్టు అక్కడే బోల్తా పడుతుంది. మనకు కావలసిందీ అదే. ధర తప్పు కొట్టి షిఫ్ట్, ట్యాబ్ కలిపి వెనక్కి వచ్చే దారి కూడా ఇదే టెస్టులో చూడండి. సీజనులో గుమాస్తాలు ఎక్కువగా చేసే పని అది.

ప్లేరైట్ లాంటిదే మరో సాధనం సెలీనియం వాడేవారికి ఒక మాట. అందులో ‘రిటర్న్’, ‘ఎంటర్’ అని రెండు మీటలున్నాయి. రెండూ ఒకటేననుకుని చేతికందింది వాడేస్తుంటారు. ప్రోగ్రాముతో బ్రౌజర్‌ను నడిపేందుకున్న వెబ్‌డ్రైవర్ ప్రమాణం ప్రకారం రిటర్న్ అంటే పెద్ద ఎంటర్, ఎంటర్ అంటే ప్యాడ్ మీది ఎంటర్. ప్యాడ్ అంకెలకూ విడిగా పేర్లున్నాయి.

ఇదంతా చదివి ఉన్న ‘ఫిల్’లన్నీ తీసేసి ఒక్కో అక్షరం కొట్టించే ‘ప్రెస్ సీక్వెన్షియల్లీ’ పెట్టకండి. టెస్టులు నత్తనడక నడుస్తాయి, దక్కేది ఏమీ ఉండదు. రైతు పేరు, ఊరు లాంటి గడులకు ‘ఫిల్’ చాలు. మీట నొక్కడమే పనిగా ఉన్న చోట మాత్రం, అంటే ఎంటర్‌తో ముందుకు పోవడం, బాణాలతో జాబితాలో రకం ఎంచుకోవడం, ఎస్కేప్‌తో మూసేయడం వంటి వాటిలో నిజంగా నొక్కించండి.

విజయవాడ బీసెంట్ రోడ్డు నుంచి: చీరల కొట్టు ఆన్‌లైన్ అమ్మకాల సైటును టెస్టు చేస్తున్నాను. వెతికే గడిలో ఇంగ్లిషు అక్షరాలు కొట్టిస్తే సూచనలు వస్తున్నాయి. తెలుగులో ‘మంగళగిరి’ అని కొట్టిస్తే రావడం లేదు. ఫోన్‌లోనూ కొన్నిసార్లు ఇంతే. ఇంకోటి: బహుమతి చీటీ మీద వేసే పేరుకు 12 అక్షరాల పరిమితి పెట్టాం. ఒక కస్టమర్ ‘లక్ష్మీనరసింహం’ అని కొడితే చివర తెగిపోయింది. టెస్టులో మాత్రం పేరు పూర్తిగా వస్తోంది.

రెండో దానితో మొదలుపెడదాం. చూపుకు ఆ పేరు ఆరే అక్షరాలు: ల, క్ష్మీ, న, ర, సిం, హం. కంప్యూటర్ లెక్క వేరు. ‘క్ష్మీ’ ఒక్కదానికే క, పొల్లు, ష, పొల్లు, మ, దీర్ఘం అని ఆరు సంకేతాలు. మొత్తం పేరుకు 14. హెచ్‌టీఎంఎల్‌లోని ‘మ్యాక్స్‌లెంగ్త్’ లెక్కించేది ఈ సంకేతాలనే కనుక 12 దగ్గర కత్తెర పడి ‘లక్ష్మీనరసిం’ మిగిలింది. పాపం ఆ చీటీ అందుకున్నవారు ఏమనుకున్నారో!

టెస్టులో తెగకపోవడానికి కారణం: మీరు గడి విలువను జావాస్క్రిప్ట్‌తో నేరుగా పెట్టి ఉంటారు. మ్యాక్స్‌లెంగ్త్ మనిషి చేసే మార్పులకే అడ్డు పడుతుంది. ప్రోగ్రాము పెట్టిన విలువను కత్తిరించదు. ఈ గడిని టైపు చేయించే పరీక్షించండి. పరిమితిని కంటికి కనిపించే అక్షరాలతో కొలవాలంటే జావాస్క్రిప్ట్‌లో మాటను అలా ముక్కలు చేసే ‘ఇంటల్ సెగ్మెంటర్’ ఉంది. అయితే సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలన్న నియమం తెలుగుకు 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తోనే చేరింది. పాత బ్రౌజర్లు ‘క్ష్మీ’ని మూడు ముక్కలు చేస్తాయి. చీటీ వెడల్పే సమస్య అయితే నన్నడిగితే అక్షరాలు లెక్కపెట్టడం మానేసి, ముద్రించిన పేరు వెడల్పును కొలవమంటాను.

ఇక సూచనలు రాకపోవడం. మీ సైటు ‘కీఅప్’ ఈవెంటు, అంటే మీట పైకి లేచిన క్షణం కోసం కాచుకుని ఉంటుంది. ప్లేరైట్ టైపు చేసేటప్పుడు తన దగ్గరున్న అమెరికన్ కీబోర్డు పటంలో ఆ అక్షరం ఉందేమో చూస్తుంది. ఉంటే మీట దిగడం, లేవడం అన్నీ జరిపిస్తుంది. ‘మ’ ఆ పటంలో లేదు. అందుకని అక్షరాన్ని నేరుగా గడిలో పెట్టి ‘ఇన్‌పుట్’ ఈవెంటు మాత్రం పంపుతుంది. మీట దిగనూ లేదు, లేవనూ లేదు, సూచనలూ రాలేదు.

ఇది టెస్టు తెచ్చిన తంటా అని కొట్టిపారేయకండి. ఫోన్‌లోనూ ఇంచుమించు ఇదే జరుగుతోంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో తెర మీది కీబోర్డుతో కొడుతుంటే మీట దిగినప్పటి ‘కీడౌన్’ ఈవెంటులో ఏ మీట నొక్కారన్నది తరచుగా తెలియదు. ఏది కొట్టినా 229 అనే ఒకే సంఖ్య వస్తుంది, ఏదో కూర్పు (కొట్టిన మీటలనుంచి మాట తయారుకావడం) జరుగుతోందని మాత్రమే దానర్థం. ఇంగ్లిషు అక్షరాల్లో ‘మంగళగిరి’ని కొట్టి, పైన కనిపించిన తెలుగు మాటను వేలితో తాకితే మాట మొత్తం ఒక్కసారే గడిలో పడుతుంది. మీటల లెక్కతో నడిచే సైటు అక్కడ గుడ్డిదైపోతుంది. ‘కీఅప్’ను వదిలి ‘ఇన్‌పుట్’ ఈవెంటును పట్టుకోమని మీ డెవలపర్లకు చెప్పండి. మనిషి కొట్టినా, అతికించినా, గొంతుతో చెప్పినా ఆ ఈవెంటు వస్తుంది.

కూర్పు దశను టెస్టులో తేవాలంటే క్రోమియం డీబగ్గింగ్ ప్రోటోకాల్‌లో ‘ఐఎంఈ సెట్ కంపోజిషన్’ అనే ఆదేశం ఉంది, ప్లేరైట్ నుంచి పంపవచ్చు. ఇంకా ప్రయోగదశలో ఉన్న ఆదేశం, కాబట్టి దాని మీదే భారం వేయకండి. విడుదలకు ముందు ఒక మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో చేత్తో కొట్టి చూడటం తప్పదు.

విజయవాడ ఆటోనగర్ నుంచి: స్పేర్ పార్ట్స్ కొట్టు సాఫ్ట్‌వేర్‌లో బార్‌కోడ్ స్కానర్ వాడతాం. స్కానర్ లేకుండా టెస్టు రాయగలమా?

భేషుగ్గా. యూఎస్‌బీ స్కానర్లలో చాలావరకు కంప్యూటర్‌కు కీబోర్డులాగే కనిపిస్తాయి. అంకెలను చకచకా కొట్టి, సెట్టింగును బట్టి చివర ఎంటరో ట్యాబో నొక్కుతాయి. మీరూ అదే చేయించండి: మీటకూ మీటకూ మధ్య కొద్ది మిల్లీసెకన్ల విరామంతో సంఖ్య, ఆ వెంటనే ఎంటర్. అయితే ఒక్క స్కానుతో ఆపకండి. కౌంటర్‌లో కుర్రాడు మొదటి వస్తువు ధర తెర మీదికి వచ్చేదాకా ఆగడు, రెండోది చూపించేస్తాడు. సర్వర్ జవాబును కావాలని ఆలస్యం చేయించి, రెండు స్కాన్లు వెంటవెంటనే పంపి, బిల్లులో రెండు వరుసలు పడ్డాయో లేక రెండు సంఖ్యలూ అతుక్కుని ఒకే పొడవాటి సంఖ్యగా మారాయో చూడండి. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో ముందుగా వెతకాల్సిన తప్పు ఇదే.

గుంటూరు నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి: జావాస్క్రిప్ట్‌లో కీబోర్డు ఈవెంటు తయారుచేసి గడికి పంపాను. ఈవెంటు అందినట్టు కన్సోల్‌లో కనిపిస్తోంది. అక్షరం మాత్రం పడటం లేదు.

పడదు. పేజీలోని స్క్రిప్టు సృష్టించిన ఈవెంటుకు బ్రౌజర్ ‘ఈజ్‌ట్రస్టెడ్’ దగ్గర కాదు అని ముద్ర వేస్తుంది. దానికోసం కాచుకున్న ప్రోగ్రాములకు వినిపిస్తుంది గానీ, అక్షరం పెట్టడం, ట్యాబ్‌తో ఫోకస్ కదపడం లాంటి సొంత పనులు చేయదు. 2004లో జేసన్ హగ్గిన్స్ మొదలుపెట్టిన తొలి సెలీనియం కూడా పేజీలోపలి జావాస్క్రిప్టుగానే నడిచేది, ఇదే గోడకు తగిలింది. సైమన్ స్టీవర్ట్ రూపొందించిన వెబ్‌డ్రైవర్ బ్రౌజర్‌ను బయటినుంచి నడిపే దారి పట్టింది. 2018లో అదే వెబ్ ప్రమాణమైంది. మీరూ ఆ దారిలోనే వెళ్లండి. అక్కడా ఒక హద్దుంది: కంట్రోల్, టీ కలిపి నొక్కించి కొత్త ట్యాబు తెరుచుకోలేదని బెంగపడకండి. ఆ మీటలు పేజీకి చేరతాయి, బ్రౌజర్ చట్రానికి చేరవు. సెలీనియం 4లో కొత్త ట్యాబుకు ‘న్యూ విండో’ అని విడిగా ఆదేశం ఉంది.

విజయవాడ పటమట నుంచి: పుట్టినతేదీ గడిలో సెలీనియంతో 05-03-1998 అని కొట్టిస్తే మా ఆఫీసులో మార్చి 5, క్లౌడ్ సర్వర్‌లో మే 3 నమోదవుతోంది.

క్రోమ్‌లోని తేదీ గడి బ్రౌజర్ భాషా ప్రాంతాన్ని బట్టి వరుస మారుస్తుంది. మీ సర్వర్ అమెరికా పద్ధతిలో ఉంది, నెల ముందు. తేదీ గడినే పరీక్షించడం మీ ఉద్దేశం కాకపోతే విలువను సంవత్సరం, నెల, రోజు వరుసలో 1998-03-05 అని జావాస్క్రిప్ట్‌తో పెట్టి, ‘ఇన్‌పుట్’, ‘చేంజ్’ ఈవెంట్లు పంపండి. ప్లేరైట్‌లో ‘ఫిల్’కు అదే వరుసలో ఇస్తే సరిపోతుంది. ఇకమీదట టెస్టు తేదీగా 25 లాంటిది పెట్టుకోండి. తారుమారైతే 25వ నెల లేదు కనుక తప్పు వెంటనే బయటపడుతుంది.