'సౌష్ఠవం కాదు' అంటే 'అసౌష్ఠవం' అనేనా?

సందేహం: ఒక సంబంధం సౌష్ఠవం కాదని తేలాక దాన్ని 'అసౌష్ఠవ సంబంధం' అని రాస్తే లెక్చరర్ కొట్టేశారు. సత్యం కానిది అసత్యం అయినప్పుడు సౌష్ఠవం కానిది అసౌష్ఠవం ఎందుకు కాదు? పైగా ప్రతిసౌష్ఠవం అని ఇంకోటి ఉందట, అదేమిటి?

సమాధానం: వ్యాకరణం వరకు మీ మాటలో తప్పేం లేదు. కాకపోతే గణితంవాళ్లు ఆ మాటను అంతకన్నా గట్టి అర్థానికి కేటాయించేసుకున్నారు.

గణితంలో సంబంధం అంటే వరుస క్రమం ఉన్న జతల గుంపు. (క, ఖ) అనే జత సంబంధంలో ఉన్న ప్రతిసారీ (ఖ, క) కూడా ఉంటే అది సౌష్ఠవం. తిరకాసంతా ఆ 'ప్రతిసారీ' దగ్గరే ఉంది. "అందరూ రాలేదు" అంటే కొందరు వచ్చి ఉండొచ్చు, "ఎవరూ రాలేదు" అంటే ఇక ఒక్కరూ లేరన్నమాట, అయినా మాటల్లో మొదటిదాన్ని రెండో అర్థంలో కూడా వాడేస్తాం, వినేవాళ్లు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. గణితంలో ఆ వెసులుబాటు లేదు. ఒక్క జత తిరగబడకపోయినా, అంటే దాన్ని తిరగేసిన జత సంబంధంలో లేకపోయినా, 'సౌష్ఠవం కాదు'. ఏ ఒక్క జతా తిరగబడకూడదంటే అది 'అసౌష్ఠవం'. 1, 2, 3 అంకెల మీద (1, 2), (2, 1), (2, 3) అనే సంబంధం తీసుకోండి. (3, 2) లేదు కాబట్టి సౌష్ఠవం కాదు, కానీ 1, 2 రెండు వైపులా ఉన్నాయి కాబట్టి అసౌష్ఠవమూ కాదు.

ప్రతిసౌష్ఠవం కాస్త మెత్తన: రెండు వేర్వేరు మూలకాలు (జతల్లోని క, ఖ లాంటివి) అటూ ఇటూ సంబంధంలో ఉండకూడదు, తనతో తనకు ఉంటే అభ్యంతరం లేదు. 'కన్నా చిన్నది' అసౌష్ఠవం, 'చిన్నది లేదా సమానం' ప్రతిసౌష్ఠవం మాత్రమే.

ఇక మీ సత్యం-అసత్యం పోలిక. ఒకే మాట సత్యమూ అసత్యమూ కాలేదు కదా, కానీ ఒక్క జత కూడా లేని శూన్య సంబంధం సౌష్ఠవమూ అవుతుంది, అసౌష్ఠవమూ అవుతుంది, ఎందుకంటే ఏ నియమాన్ని తప్పడానికైనా అందులో ఒక జత ఉండాలిగా! 'సమానం' అనే సంబంధం కూడా ఇలాగే సౌష్ఠవం, ప్రతిసౌష్ఠవం రెండూ. మూడు మూలకాల సమితి మీద ఉన్న 512 సంబంధాల్లో సౌష్ఠవమైనవి 64, ప్రతిసౌష్ఠవమైనవి 216, రెండూ అయినవి 8. రెండూ కానివే 240, అంటే దాదాపు సగం!

కాబట్టి 'సౌష్ఠవం కాదు' అని విడిగానే రాసి, తిరగబడని జత ఒకటి చూపించండి, చాలు. 'అసౌష్ఠవం' అన్నారో, ఒక్క జతతో తప్పించుకోలేరు, అన్నీ చూడాల్సిందే.