సెలవుల్లో ప్రభుత్వ ఆఫీసులో ఇంటర్న్‌షిప్: ముందే పని అడగండి

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ప్రజలకు పనికొచ్చే ఉద్యోగమే చేస్తానంటోంది. సెలవుల్లో ఏదైనా ప్రభుత్వ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేయిస్తే ఉపయోగం ఉంటుందా? ఎలా అడగాలి?

జవాబు: ఉంటుంది, పని ముందే ఖరారైతే. ఇలాంటివి చాలావరకు మూడో రోజుకే చప్పబడతాయి. వచ్చిన పిల్లకి ఏం అప్పగించాలో సెక్షన్‌లో ఎవరూ అనుకుని ఉండరు. కుర్చీ చూపించి జిరాక్సులు తీయిస్తారు. వాళ్లనీ తప్పుపట్టలేం, రోజువారీ పనిలో నేర్పే తీరిక ఎక్కడిది?

అందుకే దరఖాస్తు కనీసం నెల ముందు ఇవ్వండి. ఒక్క పేజీ చాలు: తేదీలు, రోజుకు ఎన్ని గంటలు, అమ్మాయికి వచ్చిన పనులు, మీ అనుమతి, స్కూల్లో ఎవరిని సంప్రదించాలో. ఈ వయసుకి రోజుకు 3 గంటల చొప్పున 2 వారాలు సరిపోతుంది. చివర్లో ఒక చిన్న పని మీరే సూచించండి.

ఉదాహరణకు వీధిదీపాల ఫిర్యాదులు. ఒక నెలవి, పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసి ఇమ్మనండి. ఫిర్యాదు వచ్చిన తేదీ, ముగించిన తేదీ, స్తంభం నంబరు, చేసిన రిపేరు ఎక్సెల్‌లో ఎక్కించి, ఒకే స్తంభం మీద రెండోసారి ఫిర్యాదు వచ్చిందేమో చూడాలి. లోపం వైరులో ఉంటే, బల్బు మార్చి 'పూర్తయింది' అని రాసేసినా వారానికి మళ్లీ చీకటే. అలాంటివి రెండు కనిపెడితే చాలు, ఫైలుకీ వీధికీ ఉన్న తేడా తెలిసిపోతుంది. ఒక పూట రిపేరు సిబ్బంది వెంట పంపమనండి. దూరంగా నిలబడి చూడ్డమే, నిచ్చెన ఎక్కనివ్వరు, ఎక్కకూడదు కూడా.

పిల్లలు యూనిఫాం ఉన్న ఉద్యోగాల వైపే చూస్తారు. కానీ మైనర్లను పోలీసు, అగ్నిమాపక విధుల్లోకి దగ్గరగా రానివ్వడం కష్టం. మొదటిసారికి లైబ్రరీ, నీటి సరఫరా, ప్రజారోగ్యం మేలు.

ఫోన్ బ్యాగులోనే ఉండాలి. సరదాగా తీసుకున్న సెల్ఫీలో వెనక టేబుల్ మీది దరఖాస్తు, దాని మీది చిరునామా పడితే ఇంటర్న్‌షిప్ అక్కడితో ఆగిపోవచ్చు. కౌంటర్ దగ్గర విన్న ఎవరి గొడవా ఇంట్లో కూడా చెప్పకూడదు.

రోజూ ఐదు వాక్యాలు రాయించండి, పేర్లు లేకుండా: ఎలాంటివారొచ్చారు, ఏమడిగారు, పని ఎక్కడ ఆగింది, ఏ నియమం వల్ల, నిర్ణయం ఎవరిది.

విసుగొచ్చిందంటే కంగారుపడకండి, ఏది విసుగో అడగండి. మనుషులతో మాట్లాడ్డం నచ్చి కాగితాలు నచ్చకపోతే సామాజిక సేవ, ఆరోగ్యం వైపు చూడండి. కాగితాల్లోనే లీనమైపోయిందా, వచ్చే సెలవులకి ఆడిట్ గానీ పట్టణ ప్రణాళిక విభాగం గానీ అడగండి.