ఒడ్డున ఉన్న కురుసురకు తుప్పెందుకు?

ప్రశ్న: ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామికి నీళ్లలోకన్నా ఒడ్డునే తుప్పు బెడద ఎక్కువా? మా గేటుదీ అదే బాధ.
– ఒక పాఠకురాలు, చినవాల్తేరు

జవాబు: పైభాగానికి ఎక్కువేనండీ. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరిన 91 మీటర్ల ఉక్కు ఓడ ఇది. 2001లో విరమించింది, 2002లో మ్యూజియమైంది. నీటిలో ఉన్నన్నాళ్లూ పొట్టకు బిగించిన జింకు దిమ్మలు తాము కరిగి ఉక్కును కాపాడతాయి. గాలిలో అవి పనిచేయవు, రక్షణంతా రంగుదే. అలల తుంపరలోని ఉప్పు గాలిలో తేమను లాక్కుని, పెయింటు పగుళ్లలోంచి లోపలికి దిగుతుంది. రంగు చిన్న బుడగలా లేస్తే, గోటితో గీకి చూడండి: కింద ఎర్రటి పొడి ఉంటుంది.

మీ గేటును ముందు మంచినీళ్లతో కడగండి. కడగకుండా గీకితే ఉప్పు ఇనుములోనే ఇరుక్కుంటుంది, కొత్త రంగు మళ్లీ పొంగుతుంది. బాగా ఆరాక తీగ బ్రష్‌తో, ఎమెరీ పేపర్‌తో మెరుపు తేలేదాకా రుద్దండి. అదేరోజు జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ వేయాలి, రాత్రి వదిలేస్తే మన గాలికి తెల్లారేసరికే తుప్పు తిరగబెడుతుంది. పైన రెండు పూతలు రంగు. అతుకుల దగ్గర, అడుగు అంచున బ్రష్‌తో అదనంగా ఒక పూత తప్పనిసరి. తుప్పు మొదలయ్యేది అక్కడే.