అటాచ్‌మెంట్ తెగితే వైరాగ్యమా?

సందేహం: అంగన్‌వాడీ కార్యకర్తల శిక్షణ కోసం పసిపిల్లల మనస్తత్వం మీద చిన్న పుస్తకం తయారు చేస్తున్నాం. అటాచ్‌మెంట్‌ను ‘అనుబంధం’ అని, డిటాచ్‌మెంట్‌ను ‘వైరాగ్యం’ అని, ఆబ్జెక్ట్ రిలేషన్స్‌ను ‘వస్తు సంబంధాలు’ అని రాశాం. మాతో పనిచేసే పెద్దాయన అటాచ్‌మెంట్ అంటే ‘ఆసక్తి’ అనే ఉండాలంటున్నారు. ఏవి సరైనవి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: ముందు వైరాగ్యం సంగతి తేల్చేద్దాం. ఏడుకొండల కింద ఉంటున్నాం కదా అని రెండేళ్ల బిడ్డకు వైరాగ్యం అంటగడితే ఎలాగమ్మా? మనవాళ్లు చెప్పే ప్రసూతి వైరాగ్యం కూడా తల్లిదే గానీ బిడ్డది కాదు.

డిటాచ్‌మెంట్ అన్న మాట ఎక్కడ పుట్టిందో చూస్తే తెలుగు మాట దానంతటదే దొరుకుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆసుపత్రుల్లో చేరిన పసిపిల్లలను దగ్గరుండి గమనించాడు. అప్పట్లో అక్కడ తల్లిని బిడ్డ పక్కన ఉండనిచ్చేవారు కాదు, చూసిపోవడానికి కూడా లెక్కపెట్టి గంటలిచ్చేవారు. బిడ్డ మొదట గుక్కపెట్టి ఏడ్చేది. తర్వాత ఏడుపు తగ్గి, తిండి సయించక, ఒక మూల ముడుచుకునేది. ఇంకా రోజులు గడిస్తే నర్సులతో బాగానే ఆడుకునేది. ‘అలవాటు పడిపోయింది’ అని ఆసుపత్రివాళ్లు సంతోషించేవారు. తీరా తల్లి వచ్చి చేతులు చాస్తే ముఖం తిప్పుకునేది. రాబర్ట్‌సన్, ఆయనతో కలిసి పనిచేసిన మనోవైద్యుడు జాన్ బౌల్బీ వర్ణించిన ఈ మూడో దశకు స్థిరపడిన పేరే డిటాచ్‌మెంట్. అది మమకారం చచ్చిపోవడం కాదు, దెబ్బతిన్న మమకారం తనను తాను దాచుకోవడం.

ఈ మూడు దశలకూ మన ఇళ్లలో మాటలున్నాయి. మొదటిది ఏడుపు, మారాం. రెండోది అచ్చంగా ‘బెంగ’. ‘వాళ్లమ్మ ఊరికి పోయిందని బిడ్డ బెంగ పెట్టుకున్నాడు, ముద్ద ముట్టడం లేదు’ అని చిత్తూరు పల్లెల్లో ఏ అవ్వనడిగినా చెబుతుంది. దాన్ని వదిలేసి, ఇంగ్లిష్‌లో డెస్పెయిర్ అన్నారు కదా అని ‘నైరాశ్యం’ రాస్తే కార్యకర్త మళ్లీ బెంగ అనే అనువదించుకోవాలి. మూడోదానికి ‘అంటీముట్టనట్టు ఉండటం’ సరిగ్గా సరిపోతుంది. పైకి అలా ఉన్నా లోపల ఏదో ఉందన్న సూచన ఆ ‘అట్టు’లోనే ఉంది. వైరాగ్యానికి ఆ వెసులుబాటు లేదు.

పెద్దాయన ‘ఆసక్తి’ అనడానికి కారణం గీత. అక్కడ సంగం, ఆసక్తి వదిలించుకోవాల్సినవి. బౌల్బీ 1969లో వెలువరించిన సంపుటంలో చెప్పిన అటాచ్‌మెంట్ బిడ్డ బతుక్కి ఆధారం, అది గట్టిగా ముడిపడాలి. పైగా ఈ రోజుల్లో ఆసక్తి అంటే ఇంట్రెస్ట్ అనే అర్థం స్థిరపడిపోయింది. కాబట్టి ‘అనుబంధం’ ఉంచండి. ఒక్క చిక్కు: మనకు అనుబంధం ఇరువైపులా ఉండేది, భార్యాభర్తలదీ అన్నదమ్ములదీ కూడా అనుబంధమే. బౌల్బీ మాటలో అది ప్రధానంగా బిడ్డ వైపు నుంచి పెంచేవారి వైపు పోయేది. అందుకని మొదటిసారి వచ్చినచోట ‘పెంచేవారితో బిడ్డ పెంచుకునే అనుబంధం’ అని విడమరచి చెప్పండి, తర్వాత పొట్టిగా వాడుకోవచ్చు. ‘తల్లితో’ అని మాత్రం గిరిగీయకండి. అవ్వ చంక దిగని బిడ్డలు మన ఊళ్లలో తక్కువేం కాదు.

‘వస్తు సంబంధాలు’ అసలు కుదరదు. చదివినవాళ్లు బొమ్మలూ గిలక్కాయలూ అనుకుంటారు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1905 నుంచీ ఈ ఆబ్జెక్ట్‌ను కోరిక ఎవరి మీదికి పోతుందో ఆ మనిషికి వాడాడు. పసిపిల్లల మనసును విశ్లేషించిన మెలనీ క్లైన్ దగ్గరికొచ్చేసరికి తల్లి రొమ్ము ఒక్కటే కూడా ఆబ్జెక్ట్ అయింది, బిడ్డ మనసులో నిలిచిన తల్లి రూపమూ అయింది. మన అలంకారశాస్త్రంలో దీనికి చుట్టం లాంటి మాట ఉంది, ‘ఆలంబనం’. భావం ఎవరిని ఆశ్రయించి పుడుతుందో వారు ఆలంబన విభావం, నాయకుడికి నాయిక లాగ. అధ్యాపకులకైతే ‘ఆలంబన సంబంధాలు’ అని రాయొచ్చు. కార్యకర్తల పుస్తకంలో ‘బిడ్డ మనసు పెట్టుకున్న మనిషి’ అంటే చాలు.

అలాగని ఆబ్జెక్ట్ కనిపించిన ప్రతిచోటా మార్చేయకండి. పిల్లల డాక్టరు డొనాల్డ్ వినికాట్ 1953లో అచ్చైన వ్యాసంలో ట్రాన్సిషనల్ ఆబ్జెక్ట్ అన్నది నిజంగా వస్తువే. అమ్మ పాత చీర ముక్క చెంపకు ఆనించుకుంటే గానీ నిద్రపోని పిల్లలుంటారు. ఉతికితే వాసన పోయిందని గోల చేస్తారు. అక్కడ ‘ఊరట వస్తువు’ అనండి. ఇంగ్లిష్‌లో ఒకే మాట కదా అని తెలుగులోనూ ఒకటే ఉండాలన్న పట్టింపు అక్కర్లేదు.

సెక్యూర్ అటాచ్‌మెంట్ అన్నచోట సెక్యూర్‌కు ‘సురక్షిత’ వద్దు, తాగునీటి పథకంలా ఉంటుంది. ‘భరోసా గల అనుబంధం’ నయం. కొందరు అటాచ్‌మెంట్‌కు ‘అంటుదల’ అని కొత్తగా కల్పిస్తున్నారు. చిత్తూరు జిల్లాలో అంటు అంటే మామిడి అంటు, కాకుంటే అంటురోగం. దాని జోలికి పోకండి.